ఉగాది సెలవుల్లో మనాలీ నుంచి సిస్సు: రాత్రిపూట మంచు రోడ్డు మీద కారు నడపొచ్చా?

హొరమావు హరి:
అందరికీ నమస్కారం. ఉగాదికి ముందూ వెనకా సెలవులు కలుపుకుని అమ్మానాన్నలతో, మా ఆవిడతో హిమాచల్ వెళ్తున్నాం. బెంగళూరు నుంచి పొద్దున ఫ్లైట్‌లో చండీగఢ్, అక్కడ సెల్ఫ్ డ్రైవ్ కారు. పదకొండింటికి బండి చేతికొస్తే రాత్రి ఏడు, ఏడున్నరకి మనాలీ. అక్కడ ఓ టీ తాగి, అటల్ టన్నెల్ దాటి తొమ్మిదికల్లా లాహౌల్ లోయలో సిస్సు. అక్కడ హోమ్‌స్టే బుక్ చేశాం, అడ్వాన్స్ వాపసు ఇవ్వరట.

ఘాట్ రోడ్లు నాకు కొత్త కాదు. తిరుమల ఘాట్ కొట్టిన పిండి. పొగమంచులో నంది హిల్స్ కూడా లెక్కలేనన్నిసార్లు ఎక్కాను. మంచు మీద మాత్రం ఎప్పుడూ నడపలేదు. మార్చి వచ్చేసరికి అక్కడ మంచు కరిగిపోతుంది కదా? రాత్రి నడపడంలో ప్రత్యేకంగా ఇబ్బంది ఏమైనా ఉంటుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

చిత్తూరు చిన్నోడు:
అన్నా, సిస్సులో ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరకదు. మల్లేశ్వరం మార్కెట్లోనే కొనుక్కుని బయల్దేరండి. డ్రైవింగ్ సంగతి పెద్దలు చెప్తారు, నేను ఇక్కడే కూర్చుంటా.

కొండదారి:
హరి గారూ, "మార్చికి కరిగిపోతుంది కదా" అన్నారు చూడండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. కరుగుతుంది కాబట్టే భయం.

జనవరిలో ఆ లోయలో పగలూ రాత్రీ గడ్డకట్టే చలి. పడిన మంచు పొడిగా, గట్టిగా ఉంటుంది, టైరుకి ఎంతోకొంత పట్టు దొరుకుతుంది. మార్చిలో అలా కాదు. మధ్యాహ్నం ఎండకి రోడ్డుకి రెండు వైపులా ఉన్న మంచు గోడలు కరిగి, ఆ నీళ్లు తారు మీద అడ్డంగా పారతాయి. సూర్యుడు కొండ చాటుకు వెళ్లిన గంటకి అదే నీరు పలచటి గాజు పొరలా బిగుసుకుంటుంది. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. దాని రంగు నలుపు కాదు, దానికి అసలు రంగే ఉండదు. కింద తారు కనిపిస్తుంటుంది కాబట్టి రోడ్డు కొంచెం తడిగా ఉందనుకుని మనం మామూలుగా పోతాం.

ఇంకో సంగతి. మైనస్ ఇరవైలో ఉన్న ఐస్ కంటే సున్నాకి దగ్గర్లో ఉన్న ఐస్ ఎక్కువ జారుతుంది. దాని మీద కంటికి కనిపించని నీటి పొర ఉంటుంది. మార్చి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య సరిగ్గా అలాంటి పరిస్థితే. మీరు వేసుకున్న టైమ్ కూడా అదే.

ఇక మీ దారి. మనాలీ నుంచి టన్నెల్ దక్షిణ ముఖద్వారం సుమారు 25 కి.మీ. ఎత్తు మూడు వేల మీటర్ల పైన. టన్నెల్ పొడవు 9.02 కి.మీ. లోపల పొడి రోడ్డు, లైట్లు, 80 వేగానికి సరిపోయేలా కట్టారు. తొమ్మిది కిలోమీటర్లు హాయిగా నడిపాక చేయి తేలికైపోతుంది. ఉత్తర ముఖద్వారం దాటి బయటికి రాగానే చంద్రా నది మీద వంతెన. వంతెనకి పైనా కిందా చలిగాలే, కింద మట్టి వెచ్చదనం ఉండదు. అందుకని మిగతా రోడ్డు కంటే ముందు అదే గడ్డకడుతుంది. పైగా ఆ గాలి మార్పుకి అద్దానికి ఒక్కసారిగా ఆవిరి పడుతుంది. 70లో వచ్చి, అద్దం మసకబారి, ఐస్ పట్టిన వంతెన ఎక్కడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నా మాట వింటే ఆ రాత్రి కుల్లూలోనో మనాలీలోనో పడుకోండి. పొద్దున ఎండ రోడ్డు మీదికి వచ్చాక బయల్దేరండి.

బుల్లెట్ బాబాయ్:
కొండదారి గారు మరీ భయపెడుతున్నారు. నేను ఆ రోడ్డులో మార్చిలోనూ, నవంబరులోనూ రాత్రిళ్లు తిరిగాను. అక్కడి టాక్సీలు, హిమాచల్ ఆర్టీసీ బస్సులు చీకట్లో తిరగట్లేదా? నన్నడిగితే రాత్రికీ కొన్ని లాభాలున్నాయి. మలుపులో ఎదుటి బండి లైటు ముందే కనిపిస్తుంది. ట్రాఫిక్ ఉండదు. పగలు సోలంగ్ దగ్గర సెలవు రోజుల్లో రెండు గంటలు ఇరుక్కునే కంటే రాత్రి ఇరవై స్పీడులో నెమ్మదిగా వెళ్లడం నయం. పగలు ఎండకి కొండ మీది మంచు వదులై జారుతుంది, రాత్రి బిగిసి ఉంటుంది. ఇది కూడా నిజమే కదా?

కొండదారి:
నిజమే బాబాయ్, కాదనను. ఎండ తగిలిన వాలు మీంచి మంచు జారిపడేది ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే. కొండలెక్కేవాళ్లు తెల్లవారుజామున బయల్దేరేదీ అందుకే. కానీ కొండవాలు బిగిసే వేళకే రోడ్డూ బిగుస్తుంది. రెండూ సర్దుకునే వేళ ఒక్కటే: పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా. రోడ్డు మీది ఐస్ వదులుతుంది, పైన మంచు ఇంకా కదలదు.

ఆర్టీసీ డ్రైవర్ల సంగతి అంటారా, ఏ మలుపులో ఏ వాగు నీళ్లు రోడ్డెక్కుతాయో వాళ్లకి నిద్రలో లేపి అడిగినా చెప్తారు. హరి గారికి ఆ రోడ్డు పగలు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ఫిజిక్స్ మాస్టారు:
అభిప్రాయాలు పక్కన పెట్టి లెక్క చూద్దాం. స్పీడు గంటకి 40 కి.మీ., అంటే సెకనుకి 11 మీటర్లు. బ్రేకు నొక్కాక బండి ఆగడానికి పట్టే దూరం, సమతల రోడ్డు మీద:

పొడి తారు (ఘర్షణ, అంటే టైరుకి దొరికే పట్టు, 0.7 అనుకుంటే): 9 మీటర్లు.
తొక్కి గట్టిపడిన మంచు (0.2): 31 మీటర్లు.
ఐస్ (0.1): 63 మీటర్లు.

మీరు తేరుకుని బ్రేకు మీద కాలు పెట్టేలోపు పోయే పది పన్నెండు మీటర్లు దీనికి అదనం. మామూలు కారు లోబీమ్‌లో రోడ్డు స్పష్టంగా కనిపించేది యాభై, అరవై మీటర్లు. అంటే ఐస్ మీద 40లో వెళ్తుంటే, లైటు వెలుగులో అడ్డం కనిపించాక ఆపడం మీ చేతిలో ఉండదు. పగలైతే రెండు వందల మీటర్ల అవతలే చూసి కాలు తీసేస్తారు. రాత్రికీ పగటికీ తేడా ఇదే.

ఇప్పుడు వాలు కలపండి. ఇరవై మీటర్లకి ఒక మీటరు దిగే రోడ్డయితే ఆ 63 కాస్తా సుమారు 126 అవుతుంది. పదికి ఒకటి దిగే రోడ్డయితే లెక్కలో సమాధానమే రాదు. గురుత్వాకర్షణ లాగేదీ టైరు పట్టేదీ సమానం, బండి అదే వేగంతో జారుతూ పోతుంది. బ్రేకు నొక్కినా, దేవుణ్ణి మొక్కినా.

స్పీడు 20కి తగ్గిస్తే ఇవన్నీ నాలుగో వంతవుతాయి. సమతలం మీద 16 మీటర్లు. బాబాయ్ గారు ఇరవైలో వెళ్లి క్షేమంగా వచ్చారంటే కారణం ఇదే. అందులో విచిత్రమేమీ లేదు.

చిత్తూరు చిన్నోడు:
"దేవుణ్ణి మొక్కినా" అనేది ఏ యూనిట్లో కొలుస్తారు మాస్టారూ?

ఫిజిక్స్ మాస్టారు:
కొబ్బరికాయల్లో.

సుజాత వైట్‌ఫీల్డ్:
నేను కళ్లారా చూసింది చెప్తాను. మార్చిలోనే, సిస్సు నుంచి కేలాంగ్ వైపు వెళ్తున్నాం, పొద్దుపోయింది. మా డ్రైవర్ లాహౌల్ మనిషి. ఉన్నట్టుండి పూర్తిగా నెమ్మది చేసి, ఏమీ మాట్లాడకుండా కిటికీ అద్దం దించాడు. ఎందుకంటే చెవి చూపించాడు. తారు మీద టైర్ల చప్పుడు అప్పటిదాకా వినిపిస్తోంది, అది ఆగిపోయింది. ఐస్ ఎక్కామన్నమాట. ఎదురుగా టెంపో ట్రావెలర్ ఒకటి, మనిషి నడిచేంత వేగంతో, పక్కవాటుగా జారుతూ వస్తోంది. ముందు చక్రాలు కొండవైపు తిప్పి ఉన్నాయి, బండి మాత్రం లోయవైపు వస్తోంది. హారన్ లేదు, బ్రేకు కీచుమనలేదు, అంతా నిశ్శబ్దం. చివరికి రోడ్డు అంచున పేరుకున్న మంచు కట్టకి వెనక భాగం ఆనుకుని ఆగింది. లోపల్నుంచి దిగిన మొదటి మనిషి రెండడుగులు వేసి ధబ్బున పడ్డాడు. రెండో ఆయన అతన్ని లేపబోయి తనూ పడ్డాడు.

మా డ్రైవర్ పార తీసి రోడ్డు పక్క మట్టి తవ్వి వాళ్ల టైర్ల ముందు చల్లాడు. ట్రావెలర్ లోపల కాళ్ల కింద పరిచిన మ్యాట్లు తీసి చక్రాల కింద వేశారు. అరగంట పట్టింది ఓ బండి పొడవు కదలడానికి.

తర్వాత ఆయన చెప్పిన గుర్తు ఒకటి నాకు బాగా నచ్చింది. రోడ్డు తడిగా మెరుస్తోంది కానీ ముందు బండి టైర్ల నుంచి నీటి తుంపర లేవట్లేదంటే అది నీరు కాదు, ఐస్. రాత్రి ముందు బండి వెనక లైట్ల ఎర్రటి వెలుగులో ఇది తేలిగ్గా తెలుస్తుంది. స్టీరింగ్ ఉన్నట్టుండి దూదిలా తేలికయినా అదే గుర్తు.

హొరమావు హరి:
సుజాత గారూ, చదువుతుంటేనే అరచేతులు తడిసిపోయాయి. ఒక డౌటు. ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ నాలుగు చక్రాల్నీ తిప్పే) బండి తీసుకుంటే సమస్య తీరుతుందా? రెంటల్ వాళ్ల దగ్గర ఒకటి ఉందంటున్నారు, రోజుకి బాగానే లాగుతున్నారు.

డెన్వర్ రిటర్న్:
హరి గారూ, కొలరాడోలో చాలా ఏళ్లు ఉండి ఈమధ్యే సర్జాపూర్ రోడ్డుకి వచ్చి పడ్డాను. ఫోర్ బై ఫోర్ బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి పనికొస్తుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రం దానికీ మీ చిన్న కారుకీ తేడా లేదు. బరువు ఎక్కువ కాబట్టి గుద్దితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అక్కడ ఐ-70 హైవే పక్క గుంటల్లో పడి కనిపించేవి ఎక్కువగా పెద్ద పెద్ద ఎస్‌యూవీలే. "నా బండికి ఏం కాదు" అనుకునేవాళ్లు.

అసలు తేడా తెచ్చేది టైరు. మనం బెంగళూరులో వాడే టైరు రబ్బరు ఏడు డిగ్రీల కంటే చల్లబడితే గట్టిపడి పట్టు తగ్గుతుంది. వింటర్ టైరు రబ్బరు వేరు, చలిలో కూడా మెత్తగా ఉంటుంది. దాని పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు గుర్తు ఉంటుంది. మన దగ్గర అద్దె బండికి అవి ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు. కొలరాడో చట్టం ఎంత గట్టిదంటే, ఐ-70 కొండల భాగంలో సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా తగిన టైర్లో, టైర్లకి చుట్టే ఇనుప చెయిన్లో, ఫోర్ వీల్ డ్రైవో ఉండాలి. ట్రెడ్ (టైరు మీది గాళ్ల) లోతు కనీసం 3/16 అంగుళం, దాదాపు 4.8 మి.మీ. మన దగ్గర చట్టప్రకారం 1.6 ఉంటే చాలు. ఆ 1.6తో ఔటర్ రింగ్ రోడ్డు మీద వానలో వెళ్లడమే కష్టం.

ఇంకో మాట. డెన్వర్‌లో సగటున అన్నిటికంటే ఎక్కువ మంచు పడే నెల మార్చి. వసంతం వచ్చిందని అక్కడ కూడా ఎవరూ టైర్లు మార్చరు. హిమాచల్‌లోనూ మార్చిలో పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులతో ఒక్క రాత్రిలో అడుగుల మంచు పడడం మామూలే.

కొండదారి:
డెన్వర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మంచు పడిన రోజు పోలీసులు నెహ్రూ కుండ్ దగ్గరో సోలంగ్ దగ్గరో ఆపేస్తారు. ఫోర్ బై ఫోర్, లేదా చెయిన్ వేసిన బండ్లనే వదులుతారు, కొన్నిసార్లు అవీ వదలరు. 2024 డిసెంబరులో సోలంగ్‌కీ టన్నెల్‌కీ మధ్య దాదాపు వెయ్యి బండ్లు ఇరుక్కుంటే రాత్రంతా పోలీసులు బయటికి తీశారు. లాహౌల్-స్పీతి పోలీసులు రోడ్డు పరిస్థితి సోషల్ మీడియాలో పెడుతుంటారు. బయల్దేరే ముందు చూడండి. రక్షణ శాఖ కింద పనిచేసే డీజీఆర్ఈ సంస్థ హిమపాతం హెచ్చరికలు ఇస్తుంది, అవి కూడా. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర బీఆర్ఓ (సరిహద్దు రోడ్ల సంస్థ) కార్మికుల క్యాంపు మీద మంచు చరియ పడి 8 మంది పోయారు. ఆ కొండల్లో రోడ్లు తెరిచి పెట్టే మనుషులు వాళ్లు. వాళ్లకే తప్పలేదు. కొత్తగా బాగా మంచు పడితే ఒకట్రెండు రోజులు ఆగడమే మంచిది.

ఈవీ ప్రసాద్:
ఎలక్ట్రిక్ కారుతో ఎవరైనా వెళ్లారా?

డెన్వర్ రిటర్న్:
చలికి, హీటర్‌కి, ఎత్తుకి రేంజ్ బాగా పడిపోతుంది. ఐస్ మీద రీజెన్ (కాలు తీయగానే బండిని నెమ్మది చేసి బ్యాటరీ నింపేది) తగ్గించి పెట్టుకోండి. కాలు తీయగానే అది చక్రాన్ని పట్టేస్తే అక్కడే జారుతుంది. మిగతాది వేరే థ్రెడ్‌లో.

హొరమావు హరి:
చెయిన్ల గురించి చెప్పండి. నిన్న జేసీ రోడ్డులో నాలుగు షాపులు తిరిగాను. ఒకాయన బైక్ చెయిన్ తీసి చూపించాడు. ఇంకొకాయన "మంచుకి చెయినా, ఏ ఊరు సార్ మీది" అన్నాడు.

సుజాత వైట్‌ఫీల్డ్:
ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, టైరు సైజు చూసి తీసుకోండి. అద్దె బండి కాబట్టి ముందు కారు మోడల్ ఖాయం చేసుకుని, టైరు పక్కన ఉన్న నంబర్ ఫొటో పంపమనండి. మంచు పడిన రోజుల్లో మనాలీ రోడ్డు పక్కనే చెయిన్లు వేసిపెట్టే కుర్రాళ్లు దొరుకుతారు. కానీ వాళ్లు లేని చోటే మీకు అవసరం పడుతుంది.

ఇంజిన్ ఏ చక్రాల్ని తిప్పుతుందో ఆ చక్రాలకే వేయాలి. చిన్న కార్లు, చాలావరకు కాంపాక్ట్ ఎస్‌యూవీలు ముందు చక్రాలవి. జారడం మొదలయ్యాక వాలు మీద ఆగి వేద్దామంటే కుదరదు. ముందే, చదునైన చోట, వెలుతురు ఉండగా వేసేయాలి. కొంచెం దూరం నడిపి మళ్లీ దిగి బిగించాలి. 40 దాటకూడదు. పొడి తారు వచ్చాక తీసేయాలి, లేకపోతే చెయినూ టైరూ రెండూ పోతాయి. గ్లవ్స్ మర్చిపోవద్దు. మైనస్‌లో ఇనుము పట్టుకుంటే వేళ్లు మాట వినవు.

కొండదారి:
నడిపే పద్ధతి కూడా చెప్పేస్తాను, పగలైనా పనికొస్తుంది.

దిగేటప్పుడు ఇంజిన్ మీద దిగాలి. మొదటి గేరో రెండో గేరో వేసి యాక్సిలరేటర్ వదిలేస్తే బండి తనే పట్టుకుని దిగుతుంది. తిరుమల కింద రోడ్డు దిగేటప్పుడు ఎలా చేస్తారో అలాగే, కాకపోతే ఇంకా నెమ్మదిగా. బ్రేకు పని అంతా మలుపుకి ముందే, తిన్నటి రోడ్డు మీదే అయిపోవాలి. మలుపులో బ్రేకు, గేరు, గట్టిగా స్టీరింగ్ ఏదీ వద్దు. ఆటోమేటిక్ అయితే ‘డి’లో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లోకో ‘ఎల్’లోకో మార్చండి. ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు రెండో గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ. మొదటి గేరులో చక్రం అక్కడే తిరిగి ఐస్‌ని ఇంకా నున్నగా పాలిష్ చేస్తుంది.

జారితే? ముందు యాక్సిలరేటర్ మీంచీ బ్రేకు మీంచీ కాలు తీయండి. మాన్యువల్ అయితే క్లచ్ తొక్కండి. బండి ఎటు వెళ్లాలో అటు చూస్తూ స్టీరింగ్ అటే మెల్లగా తిప్పండి. లోయని చూస్తే చేతులు కూడా లోయవైపే పోతాయి. ఏబీఎస్ (బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉన్న బండిలో నిజంగా ఆపాల్సి వస్తే బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకోండి. పెడల్ కింద గడగడమంటుంది, భయపడి వదలొద్దు. అది దూరాన్ని తగ్గిస్తుందనుకోవద్దు, స్టీరింగ్ మాత్రం మీ చేతిలో ఉంచుతుంది.

సన్నటి చోట ఎదురుపడితే ఎక్కే బండికే దారి. రూలు కూడా అదే. ఐస్ మీద ఎక్కుతూ ఆగినవాడు మళ్లీ కదలడం కష్టం.

మంచు కురుస్తుంటే హైబీమ్ వేయొద్దు. రేణువులన్నీ వెలుగుని మీ కళ్లలోకే కొట్టి ఎదురుగా తెల్లటి గోడ నిలబెడతాయి. లోబీమ్, ఫాగ్ ల్యాంపు చాలు. ఇంకోటి: ఆకాశం నిర్మలంగా ఉండి చుక్కలు బాగా కనిపిస్తున్నాయంటే మురిసిపోకండి. మబ్బు లేని రాత్రి నేల వేడి త్వరగా పోతుంది. డ్యాష్‌బోర్డులో బయట ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు చూపిస్తున్నా రోడ్డు మీద ఐస్ ఉండొచ్చు.

బుల్లెట్ బాబాయ్:
ఇవన్నీ పాటిస్తే రాత్రైనా వెళ్లొచ్చు అని నేను అన్నదీ ఇదే.

సుజాత వైట్‌ఫీల్డ్:
బాబాయ్ గారూ, మీరు ఒంటరిగా వెళ్లారు. ఆయన వెనక సీట్లో డెబ్బై దగ్గరపడిన తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టుకుని, ఆ పొద్దున నాలుగింటికి హొరమావులో లేచి, కెంపేగౌడ ఎయిర్‌పోర్టుకి పరిగెత్తి, ఫ్లైట్ దిగి మూడు వందల కిలోమీటర్లు నడిపి, ఆ తర్వాత ఐస్ ఎక్కుతున్నారు. రోడ్డు బాగున్నా మనిషి బాగుండాలి కదా.

ఎత్తు కూడా చూడాలి. 2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం మొదలవుతాయి. సిస్సు మూడు వేల పైన ఉంది. బెంగళూరు నుంచి ఒకే రోజులో అక్కడ పడుకోవడం కంటే రెండు వేల మీటర్ల మనాలీలో ఒక రాత్రి ఆగితే పెద్దవాళ్ల ఒంటికి మంచిది. నాన్నగారికి బీపీ ఉంటే బయల్దేరే ముందు డాక్టర్‌ని అడగండి.

జయనగర్ జగ్గు:
మేం ఏప్రిల్‌లో సొంత డీజిల్ బండితో బెంగళూరు నుంచే వెళ్తున్నాం. హైదరాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఢిల్లీ మీదుగా, రెండు వేల ఆరు వందల కిలోమీటర్ల పైన. బండికి ముందుగా ఏం చూసుకోవాలి? వీలైతే శ్రీనగర్ నుంచి లేహ్ కూడా అనుకుంటున్నాం.

డెన్వర్ రిటర్న్:
జగ్గు గారూ, మొదట కూలెంట్. బెంగళూరులో చాలామంది రేడియేటర్‌లో తగ్గినప్పుడల్లా బాటిల్ నీళ్లు పోసేస్తారు. ఈ ఊళ్లో గడ్డకట్టే సమస్యే లేదు కాబట్టి ఎవరికీ తెలియదు. అక్కడ రాత్రి నిలిపి ఉంచితే ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి, ఇంజిన్ బ్లాకునే పగలగొట్టొచ్చు. పాతది మొత్తం తీయించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. ఇథిలీన్ గ్లైకాల్ రకమైతే మైనస్ ముప్పై ఐదు దాకా తట్టుకుంటుంది. అద్దం కడిగే నీళ్లలో కూడా గడ్డకట్టని ద్రవం కలపాలి. లేకపోతే బురద పడ్డ అద్దం మీద నీళ్లు రావు.

డీజిల్‌లో మైనం ఉంటుంది, గట్టి చలికి అది పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే వింటర్ డీజిల్ తెచ్చింది. కింద మైదానాల్లో పోయించిన డీజిల్‌తో ట్యాంకు నింపుకుని పైకి వెళ్లేకంటే, పైన పంపుల్లో పోయించుకోవడం మేలు. డీజిల్ పొగని శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. బండిలో దానికి హీటర్ ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. బ్యాటరీ పాతదైతే ఇక్కడే మార్చేయండి. చలికి సగం బలం పోతుంది.

కొండదారి:
రాత్రి నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, తడి చేరితే పొద్దునకి బిగుసుకుపోతుంది. చదును చూసి గేరులో పెట్టి చక్రాలకి రాళ్లు పెట్టండి. వైపర్లు పైకి లేపి ఉంచండి.

శ్రీనగర్-లేహ్ దారిలోని జోజిలా కనుమ సంగతి: బీఆర్ఓ తెరిచాకే ఏదైనా. 2025లో 32 రోజులు మూసి ఏప్రిల్ 1న తెరిచారు. తెరిచిన కొత్తలో ఏ వైపు బండ్లు ఎప్పుడు వదలాలో పోలీసులే చెప్తారు. రాత్రి వెళ్దామా వద్దా అనే చర్చకి మీకు అవకాశమే ఉండదు. మనాలీ వైపు నుంచి తాండీ పెట్రోలు బంకు దాటి లేహ్ వెళ్లే దారి ఇంకా ఆలస్యంగా తెరుస్తారు. ఏప్రిల్‌లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఫిజిక్స్ మాస్టారు:
ఇరుక్కుపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ దగ్గర మంచులో ఇరుక్కున్న కార్లలో 20 మందికి పైగా పర్యాటకులు చనిపోయారు. అందరూ చలికే పోలేదు. సైలెన్సర్ మంచులో కూరుకుపోతే పొగ బయటికి వెళ్లే దారి లేక కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. కాబట్టి హీటర్ కోసం ఇంజిన్ వేసే ప్రతిసారీ ముందు దిగి సైలెన్సర్ చుట్టూ మంచు తీయాలి. గాలి రాని వైపు కిటికీ ఒక వేలు సందు తెరిచి, గంటకి పది నిమిషాలు వేసి ఆపేయాలి. ట్యాంకు సగం కంటే తగ్గనివ్వొద్దు. దుప్పట్లు, నీళ్లు, టార్చి, చిన్న పార, వేరుశనగ చిక్కీలు బండిలోనే ఉండాలి, డిక్కీ అడుగున సూట్‌కేసుల కింద కాదు.

చిత్తూరు చిన్నోడు:
చిక్కీలు అన్నారు కాబట్టి ఈ థ్రెడ్‌లో నాకు పనికొచ్చిన మొదటి పాయింట్ ఇదే. జోక్ పక్కన పెడితే హరన్నా, రెంటల్ అగ్రిమెంట్ మొత్తం చదువు. మా ఫ్రెండ్ ఒకడు వేరే కొండ ఊళ్లో సెల్ఫ్ డ్రైవ్ బండి తీసుకుంటే, మంచు రోడ్డు మీద జరిగిన డ్యామేజికి ఇన్సూరెన్స్ వర్తించదని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. బంపర్‌కి కట్టిన డబ్బుతో వాడు ఇంకో ట్రిప్పు వెళ్లొచ్చేవాడు.

హొరమావు హరి:
అందరికీ థాంక్స్. పొద్దున సిస్సు హోమ్‌స్టే ఆయనకి ఫోన్ చేశాను. రాత్రి తొమ్మిదికి వస్తామని చెప్పగానే ఆయనే "సాయంత్రం ఐదు దాటితే రావద్దు బాబూజీ, మనాలీలో ఉండి పొద్దున రండి" అన్నాడు. అడ్వాన్స్ మర్నాటికి మార్చేశాడు, అదనంగా ఏమీ అడగలేదు. కాబట్టి మొదటి రాత్రి మనాలీ. పొద్దున టిఫిన్ చేసి ఎనిమిదిన్నరకి బయల్దేరి, పది, పదకొండు మధ్య టన్నెల్ దాటుతాం. తిరుగు ప్రయాణం కూడా అంతే, మధ్యాహ్నం లోపే ఇవతలికి. మంచు పడితే మనాలీలోనే ఆగిపోతాం, అందుకోసం ఒక రోజు ఖాళీ పెట్టాను. ఫోర్ బై ఫోర్ వద్దనుకున్నాను, ఆ డబ్బులతో చెయిన్లు, గ్లవ్స్ ఆర్డర్ పెట్టాను. అగ్రిమెంట్‌లో చిన్నోడు చెప్పిన లైనే ఉంది, పదిహేడో పేజీలో. వాళ్లతో మాట్లాడుతున్నాను. కుదరకపోతే మనాలీ నుంచి సిస్సుకి లోకల్ టాక్సీ.

బుల్లెట్ బాబాయ్:
రాత్రి చంద్రా లోయ వెన్నెల్లో ఎలా ఉంటుందో మీరు చూడరన్నమాట. సరే, మీ ఇష్టం.

సుజాత వైట్‌ఫీల్డ్:
హోమ్‌స్టే కిటికీలోంచి చూస్తారు లెండి, చేతిలో టీ కప్పుతో.

హరి గారూ, చెయిన్లు రాగానే ఇక్కడే ఒకసారి వేసి తీసి చూసుకోండి. మొదటిసారి పెట్టె విప్పడం అక్కడ చలిలో కాకూడదు. మీ బండి టైరు సైజు వేరైనా పద్ధతి తెలుస్తుంది.

హొరమావు హరి:
శనివారం మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో వేసి చూస్తాను. ఈ ఎండల్లో కారుకి ఇనుప గొలుసులు కడుతుంటే సెక్రటరీ గారు ఏమంటారో. కొండదారి గారూ, ఆ టైమ్‌కి వీడియో కాల్‌లో ఉండగలరా?

కొండదారి:
కల్యాణ్ నగర్ నుంచి హొరమావుకి వీడియో కాల్ ఎందుకండీ, వచ్చేస్తాను. పదకొండింటికి. పాత గ్లవ్స్ ఒక జత తెస్తాను, అవే తొడుక్కుని ప్రాక్టీస్ చేయండి. ఉత్త చేతులతో వచ్చిన పని గ్లవ్స్‌తో రాదు.